'సంబంధం లేదు' నొక్కమంటే ఆమెకి కోపమొచ్చింది

రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేస్తుంది ఆమె. వయసు యాభై దాటి ఉంటుంది. రెండు అరచేతులూ పగిలి, వేళ్ల సందుల్లో పొట్టు లేచి ఉంది. నెల్లూరులో ఒక చర్మవైద్య క్లినిక్. డాక్టర్ గారు లోపలికి పిలిచేలోపు నింపమని ఆమె చేతికి ట్యాబ్లెట్ ఇచ్చాం. కూడబలుక్కుని చదువుతుంది కానీ, చదవగలదు. ఆరో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. చర్మ సమస్య వల్ల భర్తతో ఇబ్బందులేమైనా వచ్చాయా అన్నది ప్రశ్న. కింద ఐదు బటన్లు. ఆఖరిది 'సంబంధం లేదు'.

"మొగుడు పోయి ఏడేళ్లయింది నాయనా. నాకు ఎవురితోనూ సంబంధం లేదని ఈడ నొక్కాలా ఏంది?" అని ట్యాబ్లెట్ బల్ల మీద పెట్టేసి లేచింది.

ఆ రెండు మాటలూ తెలుగులో పెట్టింది నేనే. ఇంగ్లిష్‌లో 'నాట్ రెలవెంట్' అని ఉంది. నిఘంటువు ప్రకారం నా అనువాదంలో తప్పేమీ లేదు. కానీ భర్త గురించి అడిగి, ఆ వెంటనే 'సంబంధం లేదు' అని రాస్తే మన ఊళ్లలో దాని అర్థం ఎటు పోతుందో నాకు తట్టలేదు. అసలు ఆ యాప్ స్క్రీన్లను నేను రెండే రోజుల్లో తెలుగు చేసేశాను. ముందు మెషీన్ ట్రాన్స్‌లేషన్‌లో వేసి, తర్వాత భాష సాపు చేశాను. బీటెక్ చదివాను, తెలుగులో టెక్ బ్లాగు రాస్తాను, ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. చాలా కావాలని ఆ రోజు తెలిసింది.

ఈ పనికో పేరుంది, పద్ధతి ఉంది, దాన్ని నేర్చుకున్న వాళ్లకి ఉపాధీ ఉంది. మన కాలేజీల్లో దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

అంకెలు వేసే ప్రశ్నలు

చర్మవ్యాధి ఎంత ఉందో డాక్టర్ కంటితో చూసి చెప్పగలరు. అది మనిషిని ఎంత బాధపెడుతోందో చెప్పాల్సింది మాత్రం ఆ మనిషే. అరచేతిలో రూపాయి బిళ్లంత మచ్చ ఒకరికి లెక్కలోకి రాదు, పెళ్లిచూపులకు కూర్చోవాల్సిన అమ్మాయికి అదే పెద్ద దిగులు. ఆ బాధని కొలవడానికే ప్రశ్నావళులు పుట్టాయి. వీటిలో బాగా పేరున్నది డీఎల్‌క్యూఐ, అంటే డెర్మటాలజీ లైఫ్ క్వాలిటీ ఇండెక్స్. వేల్స్‌లోని కార్డిఫ్‌లో ఆండ్రూ ఫిన్లే, గుల్ కరీం ఖాన్ దీన్ని తయారుచేసి 1994లో ప్రచురించారు. మొత్తం పది ప్రశ్నలు. గడిచిన వారంలో దురద, నొప్పి, బిడియం, ఇంటి పని, బట్టలు, ఆటలు, ఉద్యోగం లేదా చదువు, దగ్గరివాళ్లతో సంబంధాలు ఇలాంటి వాటి గురించి అడుగుతాయి. ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 30. ఎక్కువ వచ్చిందంటే జీవితం అంత దెబ్బతిన్నదని. 0-1 అయితే ప్రభావం లేనట్టు, 11 నుంచి 20 అయితే చాలా ఎక్కువ ఉన్నట్టు, 21 గానీ అంతకు మించి గానీ అయితే విపరీతం అని లెక్క.

కాగితం మీద పది టిక్కులే కదా అనిపిస్తుంది. కానీ బ్రిటన్‌లో సోరియాసిస్ రోగికి ఖరీదైన బయాలజిక్ ఇంజెక్షన్లు ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వాలంటే, అక్కడి నైస్ అనే సంస్థ చాలా మందులకి పెట్టిన షరతుల్లో డీఎల్‌క్యూఐ స్కోరు 10 దాటి ఉండాలన్నది ఒకటి. స్కోరు 11 వస్తే ఆ షరతు దాటినట్టు, 9 వస్తే దాటనట్టు. ఒక ప్రశ్న సరిగా అర్థంకాక '0' పడితే చాలు, ఆ రెండు మార్కులూ పోతాయి. కొత్త మందులు పనిచేస్తున్నాయో లేదో చూసే క్లినికల్ ట్రయల్స్‌లోనూ ఇలాంటి స్కోర్లే వాడతారు. రోగి నోటి మాట ఆధారంగా మందు మంచిదని చెప్పుకోవాలంటే ఆ ప్రశ్నావళి ఎలా ఉండాలో అమెరికా ఎఫ్‌డీఏ 2009లో మార్గదర్శకాలే ఇచ్చింది.

టర్కీ వాళ్లు ఎలా చేశారు?

డీఎల్‌క్యూఐ ఇప్పుడు వందకు పైగా భాషల్లో ఉంది. వాటిలో టర్కిష్ కథ మనకి పనికొస్తుంది. మనిసా నగరంలోని జెలాల్ బయార్ యూనివర్సిటీకి చెందిన ఓజ్‌తుర్క్‌జాన్ బృందం టర్కిష్ ప్రశ్నావళిని పరీక్షించి 2006లో పేపరు వేసింది. గమనించండి, 'అనువదించి' అనలేదు, 'పరీక్షించి' అన్నాను. అనువాదం ఒక రోజు పని. అది టర్కిష్ రోగుల దగ్గర కూడా అదే బాధని అదే కొలతతో కొలుస్తోందా అన్నది తేల్చడమే అసలు పని.

టర్కిష్‌కీ తెలుగుకీ చుట్టరికం లేదు. అయినా క్రియ వాక్యం చివరికి రావడం, మాట వెనక ప్రత్యయాలు అతికించుకుంటూ పోవడం రెండింట్లోనూ ఉన్నాయి. పెద్దవాళ్లని, కొత్తవాళ్లని 'మీరు' అన్నట్టే వాళ్లూ 'సిజ్' అంటారు. ఇంగ్లిష్‌లో ఒక్క 'యూ'తో అయిపోయే చోట వాళ్లకీ మనకీ ఒకటే తలనొప్పి. పైగా టర్కిష్ మాట్లాడే రోగులందరూ టర్కీలో లేరు. 1961లో పశ్చిమ జర్మనీ, టర్కీ కూలీల ఒప్పందం చేసుకున్నాక లక్షల మంది జర్మనీ ఫ్యాక్టరీలకి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. అక్కడే పుట్టి పెరిగిన మనవరాలు మాట్లాడే టర్కిష్, పల్లెటూళ్లో తాత మాట్లాడే టర్కిష్ ఒకటేనా? చెన్నైలో పెరిగిన తెలుగు పిల్లవాడినీ, మన ఉదయగిరి తాతనీ పక్కపక్కన కూర్చోబెట్టి చూడండి, సంగతి అర్థమవుతుంది.

ఇలాంటి పనికి ఎక్కువమంది అనుసరించే దారి 2000లో బీటన్, ఆమె సహచరులు 'స్పైన్' పత్రికలో రాసింది. ఇద్దరు అనువాదకులు విడివిడిగా తెస్తారు. వాళ్లలో ఒకరికి వైద్యం సంగతి తెలిసుండాలి, ఇంకొకరికి తెలియకూడదు. ఈ 'తెలియకూడదు' అన్నది నాకు భలే నచ్చింది. రోగి మాట్లాడినట్టు రాసేది ఆ రెండో మనిషే. రెండింటినీ కూర్చుని ఒకటిగా కలుపుతారు. అసలు ప్రశ్నావళి ఎన్నడూ చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి తెస్తారు. ఇదే బ్యాక్ ట్రాన్స్‌లేషన్. తర్వాత డాక్టర్లు, భాషావేత్తలు, అనువాదకులు కలిసి ప్రతి మాటనీ చర్చిస్తారు. ఆ పైన 30 నుంచి 40 మంది రోగులతో నింపించి, 'ఈ మాట మీకు ఏమని అర్థమైంది?' అని ఒక్కొక్కరినీ అడుగుతారు. 2005లో ఐస్పోర్ అనే సంస్థ బృందం ఇదే పనిని పది మెట్లుగా విడగొట్టి రాసింది. మందుల కంపెనీలు ఎక్కువగా దాన్ని పట్టుకుంటాయి.

నేను చేసిందేమిటంటే ఇన్ని మెట్లలో మొదటి మెట్టు సగం ఎక్కి, పని అయిపోయిందనడం.

నవ, దురద, జిల, తీట

క్లినిక్ వాడింది డీఎల్‌క్యూఐ కాదు. దాని మీద కాపీరైట్ ఉంది. మన ఇష్టానికి మాటలు మార్చడానికి వీల్లేదు. అందుకని డాక్టర్ గారు సొంతంగా ఎనిమిది ప్రశ్నలు రాసుకున్నారు. (ఏ టూల్ అయినా నెట్‌లో దొరికింది కదా అని తీసుకుని ప్రాజెక్టులో పెట్టేయకండి. ఎవరిదో, అనుమతి కావాలో చూడండి. చాలా ప్రశ్నావళుల అనుమతులు ఫ్రాన్స్‌లోని మాపి రీసెర్చ్ ట్రస్ట్ ద్వారా నడుస్తాయి. విద్యార్థులకి ఉచితంగా ఇచ్చేవీ ఉన్నాయి.) ఆమె లేచి వెళ్లిపోయాక మళ్లీ మొదటికొచ్చాం. మైపాడు వైపు పల్లెల వాళ్లు, ఇస్కపల్లి ఉప్పు కొఠార్లలో పనిచేసే వాళ్లు, నెల్లూరు టౌన్‌లో ఆటో డ్రైవర్లు, కాలేజీ పిల్లలు... క్లినిక్‌కి వచ్చిన వాళ్లలో ఒప్పుకున్న వాళ్లని కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్నకీ అర్థం అడిగాను.

మొదటి ప్రశ్నలోనే బోల్తా. 'దురద' అని రాశాను. అందరికీ తెలిసిన మాటే. కానీ మా వైపు చాలామంది నోటికి ముందు వచ్చేది 'నవ'. "దురద అంటే దోమ కుట్టినట్టు కాసేపుండి పోయేది, నవ అంటే గీరే కొద్దీ పెరిగేది" అని ఒక పెద్దాయన తేడా చెప్పాడు. అది ఆయన తేడా. పక్కన కూర్చున్నాయన రెండూ ఒకటేనన్నాడు. ఇంకొన్ని చోట్ల 'జిల' అంటారు. 'తీట' అనే మాట ఉంది కానీ అది తిట్టులోకి వెళ్లిపోయింది, రోగిని అడిగే ప్రశ్నలో పెట్టలేం. చివరికి 'దురద లేదా నవ' అని రెండూ పెట్టాం. రాష్ట్రమంతటికీ వాడాలంటే ఇది చాలదు.

ఇంగ్లిష్‌లో నొప్పి రకాలకి నాలుగైదు మాటలుంటే అన్నింటికీ నేను 'నొప్పి, మంట' అని సరిపెట్టాను. ఉప్పు కొఠారులో పనిచేసే మనిషికి పగుళ్లలో ఉప్పునీళ్లు తగిలితే కలిగేది మంట కాదట. "చురుక్కుమంటది, ఆ తర్వాత చిమచిమలాడతా ఉంటది" అన్నాడు. మంట అంటే ఎండకి, కారానికి వచ్చేదట. మన భాషలో ఇన్ని మాటలుండగా నాకు గుర్తొచ్చింది రెండే.

తర్వాత జవాబుల బటన్లు. 'అస్సలు లేదు, కొంచెం, బాగా, చాలా ఎక్కువ' అని రాశాను. మూడోదాన్ని చూసి ఒకాయన సంతోషంగా నొక్కాడు. ఎందుకని అడిగితే "ఇప్పుడు బాగానే ఉంది గదా" అన్నాడు. 'బాగా' అంటే ఎక్కువ అనీ అర్థమే, మంచిగా అనీ అర్థమే. ఆ ఒక్క మాట వల్ల తగ్గిన మనిషికి రెండు మార్కులు అదనంగా పడ్డాయి. దాన్ని 'ఎక్కువ' చేశాం. పక్కన నాలుగు గ్లాసుల బొమ్మలు పెట్టి, ఖాళీ నుంచి నిండు దాకా చూపించాం.

'గత వారం' మీద ఇంకో తంటా. కొందరు పోయిన సోమవారం నుంచి ఆదివారం దాకా అనుకున్నారు. ఒకామె 'ఏ వారం?' అని అడిగింది, అంటే మంగళవారమా బుధవారమా అని. మనకి వారం అంటే రోజు కూడా కదా. అందుకే యాప్ ఆ రోజు తేదీ చూసుకుని 'పోయిన గురువారం నుంచి ఇవాళ్టి దాకా' అని తానే రాసుకునేలా చిన్న కోడ్ రాశాం. నాలుగు లైన్లు. నా బీటెక్ అక్కరకొచ్చిన మొదటి సందర్భం అది.

అన్నింటికంటే నన్ను ఆలోచింపజేసింది పని గురించిన ప్రశ్న. 'చర్మ సమస్య వల్ల పనికి వెళ్లలేకపోయారా?' చేపల వేటకి వెళ్లే ఒకతను 'అస్సలు లేదు' నొక్కాడు. చేతులు చూస్తే తాళ్లు లాగి లాగి పగుళ్లు విచ్చి ఉన్నాయి. అదేంటని అడిగితే "ఇప్పుడు వేట ఏడుంది సార్, నిషేధం గదా" అన్నాడు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు సముద్రంలోకి వెళ్లకూడదు. పనే లేనప్పుడు పనికి ఆటంకం ఎక్కడిది? అతని జవాబు నిజమే. స్కోరు మాత్రం అబద్ధం. ఇది మా ఒక్కరి సమస్య కాదు. డీఎల్‌క్యూఐలో కూడా 'నాట్ రెలవెంట్' నొక్కితే సున్నానే పడుతుంది. దీనివల్ల బాధ తక్కువగా కనపడుతోందని హంగరీకి చెందిన ఫాన్ని రెంత్స్ బృందం 2018లో వర్తించని ప్రశ్నల్ని తీసేసి లెక్కకట్టే మరో పద్ధతి ప్రతిపాదించింది.

తోటపని గురించి అడిగే ఇంగ్లిష్ ప్రశ్నల్ని మనవాళ్లకి అలాగే ఇస్తే 'మాకు తోటలెక్కడివి' అంటారు. ఇంటి పని అంటే వాకిలి ఊడవడం, గిన్నెలు తోమడం, బట్టలు ఉతకడం అని మూడు ముక్కలు చెప్తే సరిపోతుంది. 'ఎంబరాస్‌మెంట్'కి 'సిగ్గు' పెడితే మగవాళ్లు ఒప్పుకోలేదు, 'ఇబ్బంది' పెడితే బస్సులో నిలబడ్డ ఇబ్బంది దాకా అన్నీ అందులో పడ్డాయి. 'నలుగురిలోకి వెళ్లాలంటే నామోషీగా ఉందా' అంటే టక్కున అర్థమైంది.

ఇంకొకటి. 'చర్మం ఎర్రబడిందా?' తెల్ల చర్మానికి రాసిన ప్రశ్న అది. మన ఎండలో పనిచేసే వాళ్ల ఒంటి మీద వాపు ఎర్రగా కనపడకపోవచ్చు. నల్లగానో, ఊదాగానో మారుతుంది. 'కందిందా, కమిలిందా' అని అడగాలి. చర్మం రంగుల్ని 6 రకాలుగా విడదీసే ఫిట్జ్‌ప్యాట్రిక్ స్కేలు 1975 నుంచి వస్తున్నది. ముదురు రంగులకి అందులో చోటు తక్కువన్న విమర్శ ఉంది. 2022లో గూగుల్, హార్వర్డ్ సామాజిక శాస్త్రవేత్త ఎల్లిస్ మాంక్‌తో కలిసి 10 రంగుల స్కేలు విడుదల చేసింది. చర్మం ఫొటో చూసి జబ్బు చెప్పే ఏఐ మీద ప్రాజెక్టు చేస్తున్న వాళ్లు మీ డేటాలో ఏ రంగు ఎంత ఉందో ముందు లెక్క చూసుకోండి.

మెషీన్ మీద మోజు ఉన్నవాళ్లకి

నాకూ ఉంది, దాచుకోను. 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ భాషిణి, ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ వాళ్లు 2023లో ఇచ్చిన ఇండిక్‌ట్రాన్స్2 లాంటివి మొదటి ముసాయిదాకి బాగా పనికొస్తాయి. కానీ నేను వాడిన దాంట్లో గోళ్లు 'మేకులు' అయ్యాయి, గాయానికి కట్టే 'డ్రెస్సింగ్' దుస్తులయింది. ఇవి నవ్వుకుని దిద్దుకునే తప్పులు. ప్రమాదం 'సంబంధం లేదు' లాంటి వాటితోనే. వాటిని మళ్లీ అదే మెషీన్‌తో ఇంగ్లిష్‌లోకి తిప్పితే చక్కగా 'నాట్ రెలవెంట్' అని వస్తుంది! తాను చేసిన తప్పుని తానే ఒప్పని దిద్దుకున్నట్టు. అందుకే తిరుగు అనువాదం చేసే మనిషి వేరే ఉండాలంటారు.

స్క్రీన్ సంగతులు కూడా చిన్నవి కావు. టర్కిష్‌లో చుక్క ఉన్న ఐ, చుక్క లేని ఐ రెండూ వేర్వేరు అక్షరాలు. పెద్ద అక్షరాల్ని చిన్నవిగా మార్చే మామూలు ఫంక్షన్ టర్కిష్ సెట్టింగ్ ఉన్న కంప్యూటర్లో వేరే అక్షరం ఇస్తుంది, ప్రోగ్రాం మాటని గుర్తుపట్టక ఆగిపోతుంది. ప్రోగ్రామర్లకి ఇది పాత పీడకల. మనమేం తక్కువ తినలేదు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేయాల్సి వచ్చింది. మా ట్యాబ్లెట్‌లో అంత ఘోరం జరగలేదు గానీ, బటన్ వెడల్పు ఇంగ్లిష్‌కి సరిపోయేలా పెట్టడం వల్ల 'అస్సలు లేదు'లో 'లేదు' కింది వరసలోకి పోయి సగం కనపడలేదు. మిగిలింది 'అస్సలు'. ఒత్తులు, గుడిదీర్ఘాలు పైనా కిందా తెగిపోతున్నాయేమో చూడటానికి క్లినికల్ ట్రయల్ యాప్‌లలో ప్రతి స్క్రీన్ ఫొటో తీసి, ఆ భాష వచ్చిన మనిషితో సరిచూయిస్తారు. ఫ్రెషర్లకి దొరికే పనుల్లో ఇదొకటి.

కొంచెం లెక్కలు

ప్రశ్నలు కుదిరాక అంకెలతో పరీక్ష పెట్టాలి. క్రాన్‌బాక్ ఆల్ఫా అనే సూచిక 1951 నుంచి ఉంది. ఒకే విషయాన్ని కొలిచే ప్రశ్నలైతే జవాబులు జోడెడ్లలా కలిసి నడవాలి. ఒకదానిలో మార్కులు పెరిగిన మనిషికి మిగతావాటిలోనూ పెరగాలి. ఒక్కో ప్రశ్న వేరియన్స్‌ల మొత్తాన్ని, మొత్తం స్కోరు వేరియన్స్‌తో పోల్చి లెక్కిస్తారు. పైథాన్‌లో పది లైన్లు చాలు. మామూలుగా 0.7 దాటితే సరే అంటారు. మరీ 0.95 దాటితే సంబరపడొద్దు, ఒకే ప్రశ్నని మాటలు మార్చి రెండుసార్లు అడుగుతున్నారేమో చూసుకోవాలి. రెండోది, జబ్బు మారని మనిషిని కొన్ని రోజుల తర్వాత మళ్లీ అడిగితే దాదాపు అదే స్కోరు రావాలి. దాన్ని ఐసీసీ అనే సూచికతో చూస్తారు. ప్రాజెక్ట్ వైవాలో ఆల్ఫా బాగా వచ్చిందని గొప్పగా చెప్పేవాళ్లని చూశాను. 'బాగా'ని తప్పుగా చదివే వాళ్లందరూ అన్ని ప్రశ్నల్లోనూ ఒకేలా తప్పు చదువుతారు, అప్పుడూ ఆల్ఫా బాగానే వస్తుంది.

ఈ పనిలోకి ఎలా?

నిజం చెప్పాలంటే 'లింగ్విస్టిక్ వాలిడేషన్' అని బోర్డు పెట్టుకున్న ఆఫీసు నెల్లూరులో మీకు కనపడదు. ఐక్యూవియా, ఆర్‌డబ్ల్యూఎస్, ట్రాన్స్‌పర్ఫెక్ట్ లాంటి పెద్ద సంస్థలు ప్రపంచమంతటా ఈ పనులు చేయిస్తుంటాయి. అందులో చాలా భాగం ఫ్రీలాన్స్. అనువాదానికి మాట లెక్కనో, సమీక్షకి గంట లెక్కనో ఇస్తారు. ఒక నెల చేతినిండా ఉంటుంది, తర్వాత రెండు నెలలు ఖాళీ. కాబట్టి దీన్నే నమ్ముకుని మొదటి ఉద్యోగం వదులుకోమని నేను చెప్పను. పక్క నైపుణ్యంగా మొదలుపెట్టండి.

బీఫార్మసీ, బీఎస్సీ నర్సింగ్, లైఫ్ సైన్సెస్ వాళ్లకి వైద్యం మాటలు తెలుసు కనుక ఒక అడుగు ముందుంటారు. ఎంఏ తెలుగు, లింగ్విస్టిక్స్ వాళ్లని 'మీకు ఐటీలో ఏం పనుంది' అని వెటకారం చేస్తుంటారు కదా, రోగులతో కూర్చుని మాటల అర్థం రాబట్టే ఇంటర్వ్యూలు బాగా చేయగలిగింది వాళ్లే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అనువర్తిత భాషాశాస్త్రం, అనువాద అధ్యయనాల కేంద్రం ఉంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో భాషా సాంకేతికత మీద పరిశోధన చేసే ల్యాబ్ ఉంది. కోడింగ్ వైపు వాళ్లు అక్కడి పేపర్లు చూడండి. ఇంజినీర్లకి స్క్రీన్ టెస్టింగ్, స్కోరింగ్ కోడ్, డేటా పని ఉంటుంది.

ఇంకో పెద్ద తలుపు అంగీకార పత్రాలు. మన దేశంలో 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్‌లో చేరే వ్యక్తికి అర్థమయ్యే భాషలో, సాంకేతిక పదాల భారం లేకుండా సమాచారం ఇవ్వాలి. అంటే తెలుగు రాష్ట్రాల్లో జరిగే ప్రతి ట్రయల్‌కీ తెలుగు పత్రం కావాలి. వాటిలో కొన్ని చదివాను. 'యాదృచ్ఛికీకరణ' అని రాసి సంతకం పెట్టమంటున్నారు. 'ఏ మందు ఎవరికన్నది చీటీలు తీసినట్టు కంప్యూటర్ నిర్ణయిస్తుంది' అని రాయగలిగితే ఈ రంగంలో మీకు చోటుంది.

నమూనా కావాలంటే సొంతంగా చేయండి. కాపీరైట్ ఇబ్బంది లేని ఒక ఆరోగ్య సమాచార పత్రం తీసుకుని, ఇద్దరు మిత్రులు విడివిడిగా అనువదించండి. మూడో మిత్రుడితో వెనక్కి తిప్పించండి. ఇంట్లో అమ్మమ్మతో, వీధిలో ముగ్గురితో చదివించి వాళ్లన్న మాటలు ఉన్నదున్నట్టు రాసుకోండి. ఏ మాట ఎందుకు మార్చారో ఒక పట్టిక వేయండి. రెజ్యూమెలో ఏ సర్టిఫికెట్ కంటే కూడా ఆ పట్టికే మాట్లాడుతుందని నా అభిప్రాయం. అయితే రోగుల దగ్గరికి మాత్రం ఎథిక్స్ కమిటీ అనుమతి, వాళ్ల సమ్మతి లేకుండా పరిశోధన పేరుతో వెళ్లకండి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. వాళ్ల వివరాలు మీ ఫోన్‌లో పెట్టుకుని తిరగడం కూడా కుదరదు, 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది.

ఆవిడ మళ్లీ వచ్చింది

'సంబంధం లేదు' తీసేసి ముందు 'వర్తించదు' పెట్టాం. ఎవరికీ ఎక్కలేదు, కరెంటు బిల్లు మీద మాటలా ఉందన్నారు. చివరికి ప్రశ్ననే రెండుగా కోశాం. ముందు 'ఇంట్లో మీతో ఎవరెవరుంటారు?' అని అడుగుతాం. ఆ జవాబుని బట్టి భర్త, కొడుకు, కోడలు ఎవరుంటే వాళ్ల గురించే తర్వాతి ప్రశ్న వస్తుంది. ఎవరూ లేకపోతే అసలు రాదు, ఆ ప్రశ్న మార్కుల లెక్కలోంచీ పోతుంది.

మూడు వారాల తర్వాత ఆమె మందు కోసం మళ్లీ వచ్చింది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. నర్సమ్మ బతిమాలితే ట్యాబ్లెట్ తీసుకుంది. ఇంట్లో కూతురు, మనవరాలు అని నొక్కింది. ఎనిమిదీ పూర్తిచేసి తిరిగి ఇస్తూ అడిగింది: "అన్నీ అడిగినారు గానీ, ఈ నవ రాత్రిళ్లే ఎందుకు ఎక్కువైపోతాదో అడగలేదేంది? నిద్దర్లేదు నాయనా నాకు."

నిజమే, మా ఎనిమిదింటిలో నిద్ర లేదు. డీఎల్‌క్యూఐ పదింటిలోనూ నిద్ర గురించి విడిగా ప్రశ్న లేదు. ఎగ్జిమా కోసం నాటింగ్‌హామ్‌లో 2004లో తయారైన పోయెమ్ అనే ఏడు ప్రశ్నల పట్టీలో ఉంది. మేమెవరం అటు చూడలేదు. నేను ఆ మాట కాగితం మీద రాసి, స్కోరుతో పాటు లోపలికి పంపాను. డాక్టర్ గారు ఆమె చేతులు కాకుండా ముందు మణికట్టు, వేళ్ల సందులు మళ్లీ లైటు వేసి చూశారు. రొయ్యల నీళ్లకి పగిలిన చేతులని అనుకుంటున్నదాని మీద, రాత్రిపూట పెరిగే నవ అనేసరికి గజ్జి అనుమానం వచ్చింది ఆయనకి. ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా అని అడిగారు.

"మనవరాలు కూడా గీరుకుంటా ఉంటది సార్" అంది.